పావు తులం ఊద్, డబ్బాడు మిర్చీల నూనె

తార్నాకలో ఊద్ వాసన ఎట్లా ఉంటుందో తెలియని మనిషి లేడు. దాన్ని పీల్చిన మనిషీ లేడు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి కారణమైన ఒకే ఒక్క పెద్దమనిషి పోయిన నెల కాలం చేశాడు.

ఆ కబురు నాకు మిర్చీల బండి దగ్గర అందింది. ఇంకెక్కడ అందినా ఆయనకు అవమానంగా ఉండేది. తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట్ వైపు పోయే దారిలో ఉన్న ఆ బండి ముందు నాలుగు మిర్చీలు చెప్పి నిలబడ్డాను. బండి యజమాని మూకుట్లో మిగిలిన నూనెను, రెండు రోజులు కాగి కాగి తారుకు తమ్ముడిలా తయారైన నూనెను, డబ్బాలోకి వంచబోయి ఆగిపోయాడు.

"ఇగ గిది పారబోసుడే సార్" అన్నాడు. "తీస్కపోయెటాయన పోయిండు."

మాడిన నూనె పారబోయడానికి అంత దుఃఖపడిన మిర్చీల వ్యాపారి భూమండలం మీద ఇంకొకడు ఉండడు. నేను కాగితం పొట్లం చేతిలో పట్టుకుని, ఇంతటి వార్త విన్నాక తినొచ్చా అని ధర్మసందేహంలో పడి, ఆయనైతే చల్లారకముందే తినమనేవాడని తేల్చుకుని, నాలుగూ తినేశాను. కళ్ళు మండాయి. మిర్చి కారంగా ఉందని యజమానికి చెప్పాను.

క్యాంపస్‌లో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వెనక, వరండా చివర, రేకుల కప్పు కింద ఒక గది ఉండేది. మేం పరిశోధన పేరుతో పగలగొట్టిన గాజు సామానుకు అది పెద్దాసుపత్రి. పగిలిన ఫ్లాస్కు, విరిగిన గొట్టం, నెర్రె పట్టిన కండెన్సరు, అన్నీ అక్కడికే చేరేవి. మంటలో గాజును కరిగించి, ఊది, అతికి, పగిలినట్టు గాజుకు కూడా గుర్తు లేకుండా చేసి పంపేవాడు ఆయన. రిజిస్టర్‌లో ఆయనకో పేరు ఉండే ఉంటుంది. అది జీతం రోజు తప్ప ఎవరికీ పనికి రాలేదు. వైస్ ఛాన్సలర్ నుంచి క్యాంటీన్‌లో కప్పులు కడిగే మనిషి దాకా అందరికీ ఆయన గ్లాసన్న.

జనగాం దిక్కు రైతు బిడ్డ. మనిషి సన్నం, చెంపలు మాత్రం రెండు బత్తాయిలు. ఊదే గొట్టం నోట్లో పెట్టుకుని ఆయన గాలి పీలిస్తే కిటికీ పరదాలు లోపలికి వంగేవి. మాట్లాడేటప్పుడు కూడా ఆ రబ్బరు గొట్టం నోటి మూలలోనే ఉండేది కాబట్టి సగం మాటలు మనకు, సగం గాజుకు పోయేవి. మా గైడ్‌ను తిట్టిన తిట్లన్నీ ఊపిరితో పాటు ఫ్లాస్కుల్లోకి దిగాయి. ఆ ఫ్లాస్కుల్లో మేం చేసిన ప్రయోగాలు ఎందుకు చెడిపోయేవో ఇప్పుడు అర్థమవుతుంది.

మెత్తబడిన గాజును మంటలో తిప్పుతూనే ఉండాలి. ఆపితే అది ఒక పక్కకు వాలిపోతుంది. అందుకని ఆయన బొటనవేలూ చూపుడువేలూ దొరికిందల్లా తిప్పుతూనే ఉండేవి. టీ గ్లాసు తిప్పేవాడు, బస్సు టికెట్ తిప్పేవాడు, అరటిపండు తిప్పి తిప్పి గుజ్జు చేసేవాడు. పెళ్ళిలో తాళి కట్టమంటే సూత్రాన్ని వేళ్ళ మధ్య దొర్లిస్తూ కూర్చున్నాడట. అయ్యగారు విసుక్కుని, ముడి వెయ్యి నాయనా, నూలు వడకకు అన్నాడట. ఇది ఆయన భార్య చెప్పింది. ఆమెను మేమంతా వదిన అంటాం.

ఇంకో అలవాటు. రీసెర్చ్‌లో చేరిన మొదటి రోజు నుంచే ప్రతి వాణ్ణీ ‘డాక్టర్ సాబ్’ అని పిలిచేవాడు. నిజంగా డాక్టరేట్ వచ్చిన మర్నాటి నుంచి ‘బిడ్డా’ అనేవాడు. నాతోపాటు చేరిన మిత్రుడు ఐదేళ్ళకు బిడ్డ అయ్యాడు, ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌కు హెడ్డు. నేను ఎనిమిదేళ్ళు గాజు పగలగొట్టి, థీసిస్ రాయకుండానే బయటపడి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. గ్లాసన్న పోయేదాకా నన్ను డాక్టర్ సాబ్ అనే పిలిచాడు. ఆ బిరుదు నాకున్నంత గట్టిగా పట్టా ఉన్నవాళ్ళకు కూడా లేదు.

ఇక ఊద్ సంగతి.

గ్లాసన్నకు పని నేర్పినాయన వారాసిగూడలో ఉండేవారు. ఆయన పేరు కూడా మాకు అక్కర్లేకపోయింది, ఉస్తాద్ అంటే చాలు. తెల్ల గడ్డం, తెల్ల లాల్చీ, కుడి చెవి మడతలో చిన్న దూది ఉండ. ఆ దూదికి అత్తరు అద్ది ఉండేది. ఆయన వరండాలో నడిచిపోతే ల్యాబులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన గ్యాసు సిగ్గుపడి కిటికీలోంచి దూకేది. పాతబస్తీలో అత్తర్లు కాచే ఒక వ్యాపారికి ఉస్తాద్ ఎప్పుడో గాజు బట్టీ చేసిపెడితే, ఆ సంతోషంలో ఆయన పావు తులం ఊద్ నూనె ఇచ్చాడట. ఇచ్చేనాటికే దాని వయసు మా గైడ్ సర్వీసంత.

ఊద్ అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. గ్లాసన్న చెప్పేవాడు. అగరు చెట్టు మంచిగుంటే దానికి ఏ వాసనా ఉండదట. దానికి రోగం రావాలి, పుండు పడాలి. ఆ పుండు చుట్టూ చెట్టు నల్లటి బంక ఊరుస్తుంది. ఆ నల్ల కట్టెను ఏరి, నానబెట్టి, రోజుల తరబడి ఉడికిస్తే సూది మొనంత నూనె. నూరు చెట్లు నరికితే ఒక్కదానిలో ఉంటుందో ఉండదో.

"కొత్త నూనెకు కోపమెక్కువ డాక్టర్ సాబ్" అనేవాడు. "మేక లెక్క ముక్కును పొడుస్తది. మూసిపెట్టి ఇరవై ఏండ్లు దాని దిక్కు సూడొద్దు. అప్పుడు మెత్తవడ్తది. మనుషుల లెక్కనే. మనుషులల్ల అందరు మెత్తవడరు గని."

నేను చేరిన ఏడాదే ఉస్తాద్ రిటైరయ్యారు. ఆఖరి రోజున ఆ రేకుల గదిలో డిపార్ట్‌మెంటంతా గుమిగూడింది. ఉస్తాద్ ఊద్ సీసా తెచ్చారు. తన చేత్తో ఒక ఆంప్యూల్ చేశారు. అంటే ఇంజెక్షన్ మందు వస్తుందే, అట్లాంటి సన్న మెడ గాజు గొట్టం. పొడుగు కాడ గరాటుతో నూనెను అందులోకి దించారు. మెడను మంటలో పెట్టి, మెత్తబడగానే లాగి, మూతి కరిగించి మూసేశారు. ఇక మూత లేదు, బిరడా లేదు. గాలి పోదు, వాసన రాదు. తెరవాలంటే పగలగొట్టడమే.

చూడ్డానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ గరాటు తీసేటప్పుడు నూనె వెంట్రుకంతైనా మెడకు అంటిందా, మంట తగలగానే అది మాడి మూతిలో నల్ల మచ్చగా ఉండిపోతుంది. ఆవగింజను చూసి ‘పెద్దన్నా’ అని పిలిచేంత చిన్న మచ్చ. అయినా మచ్చ మచ్చే. గాజు పనివాడి పరువంతా ఆ మూతిలో ఉంటుంది.

ఆ ఆంప్యూల్‌ను గ్లాసన్న అందుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. నా జన్మలో ఆయన వేళ్ళు తిరగడం ఆగిపోవడం ఆ ఒక్కసారే చూశాను. అప్పుడు నా దృష్టి సమోసాల మీద ఉంది కాబట్టి దాని గురించి ఆలోచించలేదు. మరుక్షణం ఆయన మూతి మీద బొటనవేలు పెట్టి, "ఏక్‌దం సాఫ్ ఉస్తాద్" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఉస్తాద్ గర్వంగా గడ్డం నిమురుకుని, అందరి ముందూ శిష్యుడికి షరతు పెట్టారు. ఇది నీదే. కానీ ఇప్పుడు కాదు. ఏ రోజు నాకంటే సాఫ్‌గా మూస్తావో, ఆ రోజు పగలగొట్టి పూసుకో.

అక్కడ మొదలైంది. ఊద్ ఉంది, గ్లాసన్నదే, కానీ గెలిస్తేనే గ్లాసన్నది.

గెలవాలంటే సాధన చెయ్యాలి. సాధనకు ఊద్ లాంటి చిక్కటి నూనె కావాలి. కొబ్బరి నూనె పలచన, పల్లి నూనె పలచన, ఆముదం రంగు రాదు. క్యాంపస్ అంతా వెదికాక గ్లాసన్న కనిపెట్టిన మహా సత్యం ఏమిటంటే, ఊద్‌కు రంగులో, చిక్కదనంలో ఈ సృష్టిలో ఒకే ఒక్క జోడీ ఉంది. అది రెండు రోజులు మిర్చీలు వేయించిన నూనె.

అప్పటి నుంచి ఆ గదిలో ఫీజు మారింది. అంతకుముందు ఒక టీ తాగిస్తే ఫ్లాస్కు అతికేవాడు. ఇప్పుడు పావు లీటరు మాడిన నూనె తేవాలి. సాయంత్రం కాగానే కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్లు, దేశ భవిష్యత్తు చేతుల్లో పెట్టుకున్న మేధావులు, తార్నాకలో మిర్చీల బండి ముందు సీసాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఇప్పటి యజమాని తండ్రి అప్పుడు బండి నడిపేవాడు. ఆయన రెండు వారాలు చూసి, మూడో వారం నన్ను పక్కకు పిలిచి, యూనివర్సిటీవాళ్ళు తన నూనెలోంచి పెట్రోలు తీస్తున్నారా అని మెల్లగా అడిగాడు. కాదన్నాను. నమ్మలేదు. ఆ తర్వాత నూనెతో పాటు మాకు ఉల్లిపాయలు కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు, ముందు చూపుతో.

ప్రతి శనివారం పని అయ్యాక గ్లాసన్న మూడో నాలుగో ఆంప్యూళ్ళలో మిర్చీల నూనె నింపి మూసేవాడు. వెలుతురుకు ఎత్తి చూసి, లేదు, ఇంకా ఉస్తాదంత కాలేదు అని తల ఊపేవాడు. అట్లా కాలేకపోయినవాటిని అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాడు. తార్నాక, లాలాపేట్, మాణికేశ్వర్ నగర్‌లో అవి లేని ఇల్లు అరుదు. నా పెళ్ళికి ఒకటి ఇచ్చాడు. మా అత్తగారు దాన్ని గంగాజలం కన్నా గొప్ప తీర్థం అనుకుని రెండేళ్ళు దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టింది. అందులో ఉన్నది మిర్చీల నూనె అని నేను ఇప్పటికీ చెప్పలేదు. ఇది ఆవిడ చదవరని నా ధైర్యం.

అసలు ఊద్‌ను మాత్రం పళ్ళు తోముకునే పండ్లపొడి డబ్బాలో దూది చుట్టి దాచేవాడు. ఎవరైనా చూపించమంటే చూపించేవాడు. ఐదు సెకన్లు. చెయ్యి చాపినంత దూరం. మూతి మీద బొటనవేలు పెట్టి. ఆ బొటనవేలు తీయించడం ఎవరి తరమూ కాలేదు. చేజారుతుందని భయం కాబోలు అనుకునేవాళ్ళం.

చూపించడంలో ఉన్న పిసినారితనం చెప్పడంలో లేదు. ఉస్తాద్ నూనె వంచిన ఆ నిమిషంలో గ్లాసన్న దాన్ని ఒక్కసారి పీల్చాడు. ఆ ఒక్క పీల్పును ముప్పై ఏళ్ళు పంచిపెట్టాడు. ఎవరికి తగ్గట్టు వాళ్ళకు. లైబ్రరీలో పనిచేసేవాళ్ళకు, పాత పుస్తకాల మీద తేనె ఒలికినట్టు ఉంటుందనేవాడు. ప్రేమలో పడినవాళ్ళకు, ఆమె లేచిపోయిన కుర్చీలా ఉంటుందనేవాడు. మిర్చీల బండి పెద్దాయనకైతే, వానకు తడిసిన మేకల కొట్టం ముందు ఎవరో గులాబీలు అమ్ముతున్నట్టు ఉంటుందన్నాడు. ఆయన అదే మాట బండి దగ్గరికి వచ్చిన ప్రతి గిరాకీకీ తన సొంత అనుభవంలా చెప్పాడు. అట్లా తార్నాకకంతా ఊద్ వాసన తెలిసిపోయింది.

వాసనలను విడగొట్టి కాగితం మీద గీతలుగా చూపించే మిషన్ మా డిపార్ట్‌మెంట్‌కు వచ్చినప్పుడు, అప్పటికింకా హెడ్డు కాని నా మిత్రుడు ఒక్క చుక్క ఇవ్వమని గ్లాసన్న కాళ్ళ మీద పడినంత పని చేశాడు. అది నిజమైన ఊదో కాదో తేల్చేస్తానన్నాడు. గ్లాసన్న టీ గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"మీ మిషన్‌కు ఎన్నడన్న సర్ది చేసిందా బిడ్డా?"

చెయ్యదన్నాడు మిత్రుడు.

"సర్ది చెయ్యని ముక్కుకు వాసన విలువ ఏం ఎరుక?"

ఆ మాటతో ఆ మిషన్ పరువు పోయింది. చాన్నాళ్ళు దాని మీద గొడుగులు ఆరేసుకున్నాం.

ఉస్తాద్ రిటైరయ్యాక కూడా నెలకో శనివారం వచ్చేవారు. సోడాబుడ్డి అద్దాలు, చెవిలో దూది, చేతిలో కర్ర. గదిలో ఎత్తు పీట మీద కూర్చుని గ్లాసన్న పని వినేవారు. చూసేవారు అనడం అబద్ధం, అప్పటికి కళ్ళు దాదాపు పోయాయి. మంట చప్పుడు ఆగగానే "హువా క్యా?" అని అడిగేవారు. అయిందా అని.

గ్లాసన్న ఆంప్యూల్ మూతిని ఆయన వేలికి అందించేవాడు. ఉస్తాద్ దాన్ని తడిమి చూసేవారు. గాజు నునుపు తెలుస్తుంది, మచ్చ వేలికి తెలియదు కదా.

"నహీ ఉస్తాద్" అనేవాడు గ్లాసన్న దిగులుగా. "థోడా కాలా ఆగయా."

కొంచెం నలుపొచ్చింది అనగానే ఉస్తాద్ మొహం పున్నమి అయ్యేది. పీట మీద ఆయన ఎత్తు రెండంగుళాలు పెరిగేది. గరాటు అట్లా కాదురా, ఇట్లా తీయాలని గాల్లో చెయ్యి తిప్పి చూపించేవారు. గ్లాసన్న చేతులు కట్టుకుని, మొదటి రోజు పనిలో చేరినవాడిలా తల ఊపేవాడు.

ఒకసారి ఉస్తాద్ వెళ్ళాక ఆ ఆంప్యూల్‌ను నేనే తీసుకుని కిటికీ దగ్గర చూశాను. అద్దంలా ఉంది. నలుపు లేదు, నలుపు నీడ లేదు. "అన్నా, గిది సాఫ్ ఉన్నది గదా. నువ్వు గెలిచినవ్" అన్నాను.

గ్లాసన్న నా చేతిలోంచి దాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఉన్నది" అన్నాడు. "నీకు కనవడది డాక్టర్ సాబ్. ఎనిమిదేండ్ల సంది నీకు నీ థీసిసే కనవడ్తలేదు."

ఆ దెబ్బతో నేను నోరు మూసుకున్నాను. నోరు మూయించాల్సి వచ్చినప్పుడు ఆయన నా థీసిస్ ఎత్తేవాడని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత కొన్నేళ్ళకు ఉస్తాద్ పోయారు. గ్లాసన్న నలభై రోజులు గొట్టం నోట్లో పెట్టలేదు. మా గాజంతా పగిలినట్టే పడి ఉంది. నలభై ఒకటో రోజు శనివారం కాకపోయినా మళ్ళీ మిర్చీల నూనె తెప్పించాడు. ఆయనే లేకపోతే ఇక ఎవరి కోసం ఈ పోటీ అని నేను అడిగితే, ఇంకా కాలేదు అన్నాడంతే. తను రిటైరయ్యాక మాణికేశ్వర్ నగర్‌లో ఇంటి మేడ మీద చిన్న బర్నర్ పెట్టుకున్నాడు. వీధిలో వాళ్ళకు శనివారం అంటే ఏడు కొండలవాడు కాదు, మేడ మీంచి దిగే మాడు కంపు.

పదకొండో రోజున నేనూ హెడ్డూ ఆ ఇంటికి వెళ్ళాం. మేడ మీద పిట్టకు పెట్టారు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఆకలితో నిలబడాలి. మాంసం ఉంది, గారెలు ఉన్నాయి, కల్లు ముంత ఉంది, బీడీ కట్ట ఉంది, బండి యజమాని స్వయంగా తెచ్చిన ఆరు మిర్చీలు ఉన్నాయి. ఎదురింటి పిట్టగోడ మీద నాలుగు కాకులు కూర్చుని, తద్దినం భోజనానికి వచ్చిన పెద్దమనుషుల్లా అటూ ఇటూ చూస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగదు. గంట గడిచింది. చుట్టాల్లో షుగరున్నవాళ్ళు వణకడం మొదలుపెట్టారు. మనసులో ఏదో ఉండిపోయింది, అందుకే ముడతలేదు అని గుసగుసలు బయలుదేరాయి.

ఉండిపోయింది ఏమిటో తార్నాక మొత్తానికి తెలుసు.

వదిన కింద నుంచి స్టీలు డబ్బా తెచ్చి మా ముందు పెట్టింది. నిండా ఆంప్యూళ్ళు. పండ్లపొడి డబ్బా తుప్పు పట్టిందని, ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నీ ఒక్కదానిలోకి మార్చిందట. "దీంట్లనే ఉన్నది. తీసి ఆయన ముందట పెట్టున్రి" అంది.

యాభై పైన ఉన్నాయి. అన్నిట్లో నల్లటి నూనె. ఏది ఊద్, ఏది మిర్చి? వదిన వంగి చూడబోతే హెడ్డు ఆపాడు. మీరు కూర్చోండి వదినా, ఇది టెక్నికల్ విషయం అన్నాడు. ఆమె మమ్మల్ని ఒక చూపు చూసి, వంట సంగతి చూడ్డానికి దిగి వెళ్ళిపోయింది.

మా పద్ధతి శాస్త్రీయమైనది. ఉస్తాద్ మూసింది అన్నిటికన్నా సాఫ్‌గా ఉంటుంది. కాబట్టి భూతద్దం పెట్టి మూతులు చూసి, అన్నిటికన్నా సాఫ్ అయినదాన్ని పట్టుకుంటే అదే ఊద్. ఒకదానికి నల్ల మచ్చ స్పష్టంగా కనిపించింది. గ్లాసన్న తొలినాళ్ళ ఓటమి పాపం అని దాన్ని మొదటే పక్కకు తోసేశాం. మిగిలినవన్నీ ఎండలో కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ముప్పావు గంట పరీక్షించి, తర్కించి, ఒకదాన్ని ఎన్నుకున్నాం. హెడ్డు దాని మెడ మీద ఆకురాయితో గీత పెట్టి, తుంచి, విస్తరి ముందు భక్తితో పట్టుకున్నాడు.

పదేళ్ళు నిలవున్న మిర్చీల నూనె వాసన మీరు చూసి ఉండరు. చూడకండి. చుట్టాలు మూడడుగులు వెనక్కి పోయారు. నాలుగు కాకుల్లో రెండు లేచిపోయాయి. పరవాలేదు, శాస్త్రంలో మొదటి ప్రయత్నం విఫలం కావచ్చు అని హెడ్డు రెండోదాన్ని తుంచాడు. మూడో కాకి కూడా పోయింది.

మెట్ల మీద వదిన కనిపించింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇద్దరు డాక్టర్లు మీదెక్కి మిర్చీలేపుతున్రా?"

మేం తలలు దించుకున్నాం. ఆమె కళ్ళు పక్కకు తోసేసిన ఆంప్యూల్ మీద పడ్డాయి. దాన్నెందుకు పక్కకు పెట్టారని అడిగింది. మచ్చ పడింది వదినా, మొదట్లో చేసింది అయ్యుంటుంది అన్నాడు హెడ్డు.

"మచ్చ వడ్డది ఏదన్న ఆయన ఇల్లు చేరనిచ్చిండా? ఆడనే పలగ్గొట్టి వచ్చెటోడు. ఇంట్ల మచ్చ ఉన్నది ఒక్కటే. గది ఉస్తాద్‌ది."

నా కళ్ళ ముందు ఆ బొటనవేలు కదిలింది. ముప్పై ఏళ్ళు మూతి మీదనుంచి లేవని బొటనవేలు.

"ఆ దినం ఇంటికొచ్చి బువ్వ తినలె" అంది వదిన, విస్తరి ముందు కూర్చుంటూ. "ఉస్తాద్ కండ్లు పోయినయే, మచ్చ వడ్డది, ఆయనకు కనవడలె అన్నడు. అయితే నువ్వు రేపే గెలుస్తవ్ గద అన్న. గెలుస్త, గదే నా బాధ అన్నడు."

మరి ఉస్తాద్ పోయాకైనా తెరవొచ్చు కదా అన్నాను.

"నేను అనలేదా? సావగొట్టిన. పోయినోని మీద గెలుసుడు ఏం గెలుపే అన్నడు." ఆమె ఆ ఆంప్యూల్‌ను చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు ఈయన గూడ పోయిండు. ఇద్దరు లేరు. ఇగ తీస్తె ఎవ్వరు ఓడరు."

హెడ్డు ఆకురాయి అందించబోయాడు. ఆమె దాని వైపు చూడను కూడా చూడలేదు. ఆంప్యూల్ మెడకు కొంగు చుట్టి, చిక్కుడుకాయ తుంచినట్టు టక్కున తుంచింది. నూనె సగం విస్తరి పక్కన రాలింది, సగం కొంగుకు అంటింది.

మొదట వచ్చింది మేక. ముప్పై ఏళ్ళు మెత్తబడినా ఇంకా కొమ్ములున్న మేక.

"థూ" అంది వదిన. "గీ కంపుకా ముప్పై ఏండ్లు నా చీరలన్ని మిర్చీల వాసన పట్టిచ్చిండు."

ఆ తర్వాత మేక వెళ్ళిపోయింది. వెళ్ళిపోయాక ఏం వచ్చిందో అడుగుతారని తెలుసు. గోరంతను కొండంత చేయడం నా వృత్తి, అయినా ఇది చెప్పను. ఆయన దాన్ని పుస్తకాల్లో, గులాబీల్లో, ఖాళీ కుర్చీల్లో అంత ఎత్తున పెట్టాక నేను నిజం చెబితే అది దింపినట్టవుతుంది, ఎక్కించినా దింపినట్టే అవుతుంది. హెడ్డు కళ్ళు మూసుకుని నిలబడ్డాడని, మిషన్ ఊసు ఎత్తలేదని మాత్రం చెబుతాను. వదిన తిట్టడం మధ్యలో ఆపి, ఎవరూ చూడట్లేదనుకుని కొంగు మూడుసార్లు ముక్కు దగ్గరికి తీసుకుపోయిందని కూడా చెబుతాను.

అందరం అట్లా కళ్ళు మూసుకుని ఉండగానే మిగిలిన ఆ ఒక్క కాకి ఎప్పుడు దిగిందో, ఎప్పుడు ముట్టిందో చూసినవాడు లేడు. కళ్ళు తెరిచేసరికి విస్తట్లో ఆరు మిర్చీలకు ఐదే ఉన్నాయి. మాంసం ముట్టలేదు, గారె ముట్టలేదు. బండి యజమాని అక్కడే పెద్దగా ఏడ్చేశాడు. చుట్టాలు భోజనాల మీద పడ్డారు.

విరిగిన మూతి ముక్కను వదిన పారేయబోతే నేను అడిగి తెచ్చుకున్నాను. వేలి గోరంత గాజు, అందులో ఆవగింజకు తమ్ముడు. ఇంటికి వచ్చిన వాళ్ళకు తీసి చూపిస్తుంటాను. ఒక ఉస్తాద్ చేతి పని, ఏక్‌దం సాఫ్ అని చెబుతాను. ఐదు సెకన్లు. చెయ్యి చాపినంత దూరం. ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా తార్నాక వైపు వచ్చి మా ఇంట్లో టీ తాగితే, దయచేసి నన్ను బొటనవేలు తీయమని మాత్రం అడగకండి.